గ్రాహకానికి, స్పందనకు నడుమ: మొక్కల సహజ రోగనిరోధకశక్తిలో ఈడీఎస్1 ప్రోటీను

తెగులును తట్టుకొనే రకాన్ని రూపొందించడం గురించి చర్చించేటప్పుడు మన దృష్టి దాదాపు ఎల్లప్పుడూ నిరోధక జన్యువు మీదనే నిలుస్తుంది. అది ఏ అడవి జాతిలో ఉన్నది, ఏ క్రోమోజోము మీద ఉన్నది, దానికి దగ్గరలోని గుర్తు ఏది, ఎన్ని బ్యాక్‌క్రాసులతో సాగు రకంలోకి చేరుతుంది అనేవే మన ప్రశ్నలు. ఆ జన్యువు మొక్కలో చేరిన తరువాత దాని సందేశాన్ని ఎవరు అందుకొంటారు, ఎవరికి చేరవేస్తారు అన్న ప్రశ్న మన సస్య ప్రజనన ప్రణాళికలలో అరుదుగా కనిపిస్తుంది. ఈ వ్యాసం ఆ రెండవ ప్రశ్నకు సంబంధించినది.

ప్రశ్న ఎంత ఆచరణాత్మకమైనదో పొగాకు ఉదాహరణతో తెలుస్తుంది. నికోటియానా గ్లూటినోసా అనే అడవి జాతి నుంచి ఎన్ అనే ఒకే ఒక జన్యువును సాగు పొగాకులోకి తెచ్చి మొజాయిక్ వైరస్‌ను కట్టడి చేయవచ్చునని అమెరికా శాస్త్రవేత్త ఎఫ్.ఓ. హోమ్స్ 1930ల దశకంలో చూపించారు. ఎన్ జన్యువు ఉన్న ఆకు మీద వైరస్ సోకితే రెండు మూడు రోజులలో ఆ చోటి కణాలు తమంతట తామే చనిపోయి చిన్న మచ్చ ఏర్పడుతుంది. వైరస్ ఆ మచ్చను దాటి పోలేదు. అయితే ఉష్ణోగ్రత 28 డిగ్రీల సెల్సియస్‌ను మించితే మచ్చ ఏర్పడదు. వైరస్ మొక్క అంతటా పాకుతుంది. ఇంతటితో ఆగినా బాగుండేది. అదే మొక్కను మళ్ళీ చల్లని గదిలోకి మారిస్తే అణగి ఉన్న ప్రతిచర్య ఒక్కసారిగా మేల్కొని, అప్పటికే వైరస్ నిండిన ఆకులన్నింటినీ కూల్చివేస్తుంది. మొక్క వైరస్ వల్ల కాక తన నిరోధకశక్తి వల్లనే చనిపోతుంది. వేడిలోనూ చల్లదనంలోనూ జన్యువు ఒక్కటే, వైరస్ ఒక్కటే. మారినది ఆ రెండింటి కలయికకు, కణం స్పందనకు మధ్య ఉన్న మార్గం. ప్రకాశం జిల్లా నల్లరేగడి నేలలలో రబీ పొగాకు ఆకు కోతకు వచ్చే ఫిబ్రవరి, మార్చి మాసాలలో పగటి ఉష్ణోగ్రత ఈ హద్దును దాటడం సర్వసాధారణం కనుక, ఇది ప్రయోగశాల వింతగా వదిలివేయదగిన విషయం కాదు.

జంతువుల నుంచి వచ్చిన మాట

'అడాప్టర్' అన్న పదం ఈ శాస్త్రంలోకి మొదట జంతు కణాల పరిశోధన నుంచి వచ్చింది. తెలుగులో దీనిని సంధాన ప్రోటీను అనవచ్చు. 1990లో ఎలుక రక్తకణాల పరిశోధనలో బయటపడిన మైడీ88 దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. కణం ఉపరితలం మీద ఉండే టోల్ తరహా గ్రాహకాలు బ్యాక్టీరియా పైపొరలోని పదార్థాలను గుర్తిస్తాయి. కానీ గుర్తించిన గ్రాహకానికి తనంతట తానుగా లోపలి ఎంజైములను మేల్కొలిపే శక్తి లేదు. మైడీ88 ఒక చేతితో గ్రాహకాన్ని, మరొక చేతితో కైనేజు ఎంజైమును పట్టుకొని రెండింటినీ కలుపుతుంది. దానికి సొంతంగా ఏ రసాయన చర్యా లేదు. కలపడమే దాని పని. ఆ పని ఎంత ముఖ్యమో 2008లో వెల్లడైంది. పుట్టుకతోనే మైడీ88 లోపించిన పిల్లలు కొన్ని చీము పుట్టించే బ్యాక్టీరియాల చేత పదే పదే తీవ్రంగా పీడింపబడుతున్నట్లు వైద్య పరిశోధకులు గుర్తించారు. వారి గ్రాహకాలలో లోపం లేదు. వంతెన లేదు, అంతే.

మైడీ88లో గ్రాహకాన్ని పట్టుకొనే భాగాన్ని టిర్ ఖండం అంటారు. ఇక్కడ వ్యవసాయ శాస్త్రజ్ఞులు కొంత గర్వపడదగిన విషయం ఒకటి ఉన్నది. ఈగలలో టోల్ జన్యువు రోగనిరోధకతకు అవసరమని ఫ్రాన్సులో జూల్ హాఫ్‌మన్ బృందం నిరూపించినది 1996లో. ఎలుకలలో దాని సాటి గ్రాహకాన్ని బ్రూస్ బ్యూట్లర్ గుర్తించినది 1998లో. ఇద్దరికీ నోబెల్ బహుమతి లభించినది 2011లో. కానీ 1994లోనే కాలిఫోర్నియాలో బార్బరా బేకర్ బృందం పొగాకు ఎన్ జన్యువును వేరు చేసి, దానిలో ఒక భాగం ఈగ టోల్ ప్రోటీనును పోలి ఉన్నదని ప్రకటించింది. అప్పటికి టోల్ అంటే ఈగ పిండం పెరుగుదలకు సంబంధించిన జన్యువుగానే ప్రసిద్ధి. రోగనిరోధకతకు ఆ ఆకృతికి సంబంధం ఉన్నదని ముందుగా సూచించినది పొగాకు మొక్క.

మరి మొక్కలలో మైడీ88 వంటిది ఉన్నదా? పోలిక కోసం వెదికినంత కాలం దొరకలేదు. ఆ స్థానంలో పని చేస్తున్నది పూర్తిగా వేరే రూపం గల ప్రోటీను.

తెగులుకు లొంగిన మొక్క నుంచి

ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో బూజు తెగులును అడ్డుకొనే జన్యువులు అనేకం ఉన్నాయి. ఇంగ్లండులోని నార్విచ్‌లో జేన్ పార్కర్, ఆమె సహచరులు విత్తనాలలో ఉత్పరివర్తనాలు కలిగించి, నిరోధకత్వం కోల్పోయిన మొక్కల కోసం వెదికారు. 1996లో వారు వర్ణించిన ఒక మొక్కలో ఒకే ఒక జన్యువు చెడిపోయింది. కానీ ఒక్క నిరోధక జన్యువు కాక అనేక నిరోధక జన్యువులు ఒకేసారి పనిచేయడం మానివేశాయి. దానికి 'ఎన్‌హాన్స్‌డ్ డిసీజ్ ససెప్టిబిలిటీ' అని, అనగా తెగులుకు లొంగే గుణం పెరిగినదని పేరు పెట్టారు. అదే ఈడీఎస్1. చెరువులోకి అనేక వాగులు వచ్చి చేరినా ఆయకట్టుకు నీరు తూము ద్వారానే పోవాలి. ఈ పరిశోధకులకు దొరికినది తూము.

రెండేళ్ళ తరువాత మరొక స్పష్టత వచ్చింది. కణం లోపల ఉండే నిరోధక ప్రోటీన్లలో టిర్ ఖండం గలవి ఒక వర్గం, చుట్టలు చుట్టుకొన్న మరొక ఖండం గలవి రెండవ వర్గం. మొదటి వర్గం ఈడీఎస్1 లేనిదే పనిచేయదు. రెండవ వర్గంలో చాలా వాటికి దాని అవసరం తక్కువ, లేదా లేదు. పొగాకు ఎన్ జన్యువు మొదటి వర్గానికి చెందినది. పొగాకు జాతి మొక్కలలో ఈడీఎస్1ను అణచివేస్తే ఎన్ జన్యువు ఉండి కూడా వైరస్‌ను ఆపలేకపోయింది.

1999లో ఈడీఎస్1 జన్యు క్రమం తెలిసినప్పుడు ఒక చిక్కు వచ్చింది. దాని ముందు సగం కొవ్వును విడగొట్టే లైపేజు ఎంజైమును పోలి ఉన్నది. ఏ కొవ్వును విడగొడుతున్నది అని చాలా కాలం అన్వేషణ సాగింది. 2013లో త్రిమితీయ ఆకృతి తెలిసిన తరువాత, లైపేజు చర్యకు కీలకమైన అమైనో ఆమ్లాలను మార్చినా నిరోధకత చెక్కుచెదరలేదని తేలింది. అంటే ఎంజైము ఆకారం మిగిలింది, ఎంజైము పని పోయింది. ఆ ఆకారాన్ని ప్రకృతి ఇతర ప్రోటీన్లను జత కలుపుకొనే పట్టుగా వాడుకొన్నది. జత అయ్యేవి రెండు: పీఏడీ4, ఎస్ఏజీ101. ఈడీఎస్1 ఒకసారి వీటిలో ఒక దానితోనే కలుస్తుంది, రెండింటితో కాదు.

ఇంతకీ గ్రాహకం నుంచి ఈడీఎస్1కు సందేశం చేరేది ఎట్లా? మైడీ88 మాదిరిగా చేయి పట్టుకొని మాత్రం కాదు. 2019లో రెండు పరిశోధక బృందాలు ఒకేసారి ప్రకటించిన ఫలితం ఈ రంగంలో నేను చదివిన వాటిలో అత్యంత ఆశ్చర్యకరమైనది. మొక్కల టిర్ ఖండం కేవలం పట్టు కాదు, అది ఒక ఎంజైము. ప్రతి జీవకణంలోనూ శక్తి మార్పిడికి వినియోగమయ్యే ఎన్ఏడీ అనే అణువును అది కత్తిరిస్తుంది. తెగులు కారకాన్ని గుర్తించిన గ్రాహకాలు నాలుగు చొప్పున ఒకచోట చేరినప్పుడే ఈ కత్తికి పదును వస్తుందని 2020లో వెలువడిన ఆకృతి చిత్రాలు చూపించాయి. ఒంటరి గ్రాహకం మౌనంగా ఉంటుంది.

ఆ కత్తిరింపులో పుట్టిన చిన్న అణువులే సందేశం. 2022లో చైనా, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి వీటిని పట్టుకొన్నారు. రైబోజు చక్కెరతో కూడిన ఒక రకం అణువు ఈడీఎస్1, పీఏడీ4 జంట నడుమ ఉన్న గుంటలో ఇముడుతుంది. వేరొక రకం అణువు ఈడీఎస్1, ఎస్ఏజీ101 జంటలో ఇముడుతుంది. తాళంచెవి చేరగానే జంట ఆకృతి కొద్దిగా మారి మూడవ ప్రోటీనుకు చోటు ఇస్తుంది: మొదటి జంటకు ఏడీఆర్1, రెండవ జంటకు ఎన్ఆర్‌జీ1. ఈ సహాయక ప్రోటీన్లు గుంపుగా చేరి కణత్వచంలో రంధ్రాలుగా మారి కాల్షియంను లోపలికి వదులుతాయి. ఆ తరువాత మార్గాలు చీలుతాయి. పీఏడీ4 దారి ముఖ్యంగా సాలిసిలిక్ ఆమ్లాన్ని పెంచి తెగులు కారకం వృద్ధిని అరికడుతుంది. ఎస్ఏజీ101 దారి ముఖ్యంగా ఆ చోటి కణం మరణానికి దారితీస్తుంది. ఒక చెరువుకు రెండు తూములు.

నిర్వచనం విషయంలో పట్టుదల గలవారు ఈడీఎస్1ను సంధాన ప్రోటీను అనడానికి అభ్యంతరం చెప్పవచ్చు. గ్రాహకాన్ని నేరుగా తాకకుండా చిన్న అణువును అందుకొనే ప్రోటీనును మరొక గ్రాహకం అనాలి కదా అన్నది వారి వాదన. వాదనలో పస ఉన్నది. అయినా ఒక వైపు అనేక గ్రాహకాలు, మరొక వైపు కొద్ది స్పందనలు, నడుమ తప్పించుకోరాని ఒక కూడలి అన్న ప్రాథమిక అర్థంలో ఈ పేరు సరిపోతుందని నా అభిప్రాయం. పైగా 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం కణం ఉపరితలం మీది కొన్ని గ్రాహకాలు కూడా తమ సంకేతాన్ని ఈడీఎస్1, పీఏడీ4, ఏడీఆర్1 కూటమి ద్వారానే పంపుతున్నాయి. లోపలి కాపలా, బయటి కాపలా వేర్వేరు వ్యవస్థలని మనం విద్యార్థులకు నల్లబల్ల మీద గీసి చూపే రెండు అంతస్తుల చిత్రాన్ని కొంత సవరించుకోక తప్పదు.

వరి సంగతి

ఇంతవరకు చెప్పినది ద్విదళబీజ మొక్కలకు వర్తిస్తుంది. వరి, గోధుమ, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలలో టిర్ ఖండం గల సాధారణ నిరోధక గ్రాహకాలు లేవు. ఎస్ఏజీ101, ఎన్ఆర్‌జీ1 కూడా పరిణామ క్రమంలో పోయాయి. అయినా ఈడీఎస్1, పీఏడీ4, ఏడీఆర్1 మాత్రం మిగిలి ఉన్నాయి. వాగులు ఎండిపోయిన తరువాత కూడా తూమును ఎందుకు ఉంచుకొన్నట్లు?

దీనికి సమాధానం షాంఘైలోని వరి పరిశోధకుల నుంచి వచ్చింది. వారు ఆర్ఓడీ1 అనే కాల్షియం గ్రాహక ప్రోటీనును 2021లో వర్ణించారు. దానిని తొలగిస్తే వరి అగ్గి తెగులు, పాముపొడ తెగులు, బ్యాక్టీరియా ఎండాకు తెగులు మూడింటినీ తట్టుకొన్నది. పాముపొడకు నికరమైన నిరోధక మూలం కోసం దశాబ్దాలుగా వెదుకుతున్న మనకు ఇది చిన్న మాట కాదు. కానీ మొక్క ఎదుగుదల, దిగుబడి దెబ్బతిన్నాయి. 2024లో అదే బృందం ఈ బ్రేకు ఎక్కడ పడుతున్నదో చూపించింది. వరిలో గ్రాహక భాగం లేకుండా టిర్ ఖండం మాత్రమే గల ప్రోటీను ఒకటి ఉన్నది. అది చిన్న అణువులను తయారు చేసి ఈడీఎస్1, పీఏడీ4, ఏడీఆర్1 కూటమిని కట్టిస్తుంది. తెగులు లేని వేళ ఆర్ఓడీ1 ఆ టిర్ ఎంజైమును అణచి ఉంచుతుంది. అగ్గి తెగులు శిలీంధ్రం ఈ ఆర్ఓడీ1ను పోలిన ప్రోటీనునే తయారు చేసి కణంలోకి పంపుతున్నదని కూడా వారు గుర్తించారు. ఇంటి యజమాని బ్రేకును దొంగ నకలు చేసుకొన్నాడన్నమాట. ఇండికా వరి రకాలలో సహజంగానే ఆర్ఓడీ1 కొంత సడలిన రూపం వ్యాపించి ఉన్నదని, అది దిగుబడి తగ్గించకుండా కొంత నిరోధకతను ఇస్తున్నదని వారి పరిశీలన. మన రకాలన్నీ ప్రధానంగా ఇండికాలే కనుక, మన జన్యుసంపదలో ఈ స్థానంలోని వైవిధ్యాన్ని పరిశీలించడం విత్తన గిడ్డంగిలోనే మొదలుపెట్టగల పని.

వేడి, దిగుబడి, పిరమిడ్లు

సంధాన ప్రోటీను ఎప్పుడూ తెరిచి ఉంటే ఏమవుతుందో అరబిడాప్సిస్‌లో చాలాసార్లు చూశారు. ఎస్ఎన్‌సీ1 అనే టిర్ గ్రాహకం అదుపు తప్పిన మొక్క తెగుళ్ళను బాగా తట్టుకొంటుంది, కానీ గిడసబారి, ఆకులు ముడుచుకొని పెరుగుతుంది. దానిలో ఈడీఎస్1ను తీసివేస్తే మొక్క మామూలుగా ఎదుగుతుంది. 22 డిగ్రీలలో గిడసబారిన మొక్క 28 డిగ్రీలలో మామూలుగా పెరగడం మరొక విశేషం. వేడికి నిరోధకత చప్పబడింది, దానితో పాటు ఎదుగుదలపై భారమూ తొలగింది. రెండు ఆరోగ్యవంతమైన రకాలను కలిపితే సంకర సంతానం ఆకులు మాడి చనిపోయే సందర్భాలు సస్య ప్రజననంలో ఉన్నవారికి కొత్త కావు. వాటిలో కొన్ని, తల్లి నుంచి వచ్చిన గ్రాహకం తండ్రి నుంచి వచ్చిన ప్రోటీనును శత్రువుగా భావించడం వల్ల కలిగినవని ఇప్పుడు తెలిసింది.

వేడి ఎక్కడ దెబ్బ కొడుతున్నది? కొంత గ్రాహకంలోనే. ఎస్ఎన్‌సీ1, ఎన్ ప్రోటీన్లలో తగిన మార్పులు చేస్తే అధిక ఉష్ణోగ్రతలోనూ స్పందన నిలిచిందని 2010లో చూపించారు. కొంత సంధానానికి దిగువన. అరబిడాప్సిస్‌లో 28 డిగ్రీల వద్ద సాలిసిలిక్ ఆమ్లం ఉత్పత్తి పడిపోవడానికి సీబీపీ60జీ అనే నియంత్రణ జన్యువు మందగించడమే ప్రధాన కారణమని, దానిని నిలబెడితే వేడిలోనూ రక్షణ తిరిగి వస్తుందని 2022లో వెల్లడైంది. అయితే వేడికి లొంగడం అన్ని నిరోధక జన్యువుల లక్షణం కాదు. వరిలో ఎండాకు తెగులును అడ్డుకొనే ఎక్స్ఏ7 అధిక ఉష్ణోగ్రతలో మరింత బాగా పనిచేస్తుంది. అది గ్రాహకం కాదు. బ్యాక్టీరియా తన అవసరం కోసం మీట నొక్కబోతే బాంబులా పేలే జన్యువు. దారి వేరు కనుక వేడికి దాని ప్రవర్తన కూడా వేరు.

జన్యు పిరమిడ్ల విషయంలో మన ఆలోచన మారవలసినది ఇక్కడే. బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరికి హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జన్యువులను చేర్చి మెరుగుపరచిన సాంబ మసూరిని 2008లో అందించాయి. ఆ మూడింటి పనితీరు చూడండి. ఎక్స్ఏ21 కణం ఉపరితలం మీద నిలిచి బ్యాక్టీరియా విడుదల చేసే చిన్న పెప్టైడును గుర్తించే గ్రాహకం. ఎక్స్ఏ13 బ్యాక్టీరియాకు చక్కెర అందించే రవాణా ప్రోటీను మీటను మార్చిన రూపం. ఎక్స్ఏ5 బ్యాక్టీరియా మన జన్యువులను చదివించుకొనే యంత్రాంగంలో ఒక్క అమైనో ఆమ్లం మారిన రూపం. మూడూ మూడు వేర్వేరు దారులు. ఆ రోజులలో ఎంపికకు ప్రధాన ప్రమాణం బ్యాక్టీరియా రకాల మీద వాటి ప్రభావమే అయినా, ఫలితంగా వచ్చినది దారుల వైవిధ్యం గల పిరమిడ్. ఆ రకం బలానికి ఇదీ ఒక కారణమని నేను భావిస్తాను.

దీనికి భిన్నంగా ఒక ద్విదళ పంటలో మూడు టిర్ జన్యువులను పేర్చామనుకొందాం. గుర్తింపు మూడు చోట్ల జరిగినా సందేశం మూడుసార్లూ ఈడీఎస్1 వద్దకే చేరాలి. ఆ దారిలో వేడి వల్లనో, తెగులు కారకం కొత్తగా సంతరించుకొన్న ఆయుధం వల్లనో అడ్డు ఏర్పడితే మూడు జన్యువులూ ఒకే రోజున మౌనం వహిస్తాయి. కాగితం మీద మూడు, పొలంలో ఒకటి.

ఒక కుటుంబం నుంచి మరొక కుటుంబానికి జన్యువును తరలించాలనుకొనేవారికి ఈ విషయం మరింత ముఖ్యం. మిరపలో బ్యాక్టీరియా ఆకుమచ్చను తట్టుకొనే బీఎస్2 జన్యువును 1999లో వేరు చేశారు. టమాటలో పెడితే చక్కగా పనిచేసింది. వంగ కుటుంబం దాటితే పనిచేయలేదు. ఈడీఎస్1 దారికి చెందనిదే అయినా బీఎస్2కు కూడా తన సహాయక ప్రోటీన్లు, ఎన్ఆర్‌సీ అనేవి, అవసరమని, అవి ఆ కుటుంబం బయట తగిన రూపంలో లేవని తరువాత తెలిసింది. ఇటీవల సహాయక ప్రోటీనును కూడా వెంట పంపినప్పుడు బీఎస్2 వరిలో సైతం పనిచేసింది.

ప్రజనన పట్టికలలో ప్రతి నిరోధక జన్యువుకు ఎదురుగా మరి రెండు వరుసలు చేర్చాలని నా ప్రతిపాదన: సందేశం ఏ సంధానం గుండా పోతుంది, ఏ ఉష్ణోగ్రతలో పరీక్షించాము. మొదటిది తెలియనిచోట ఖాళీగా ఉంచవచ్చు. రెండవదానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఒకే విత్తనపు నారును రెండు గదులలో, ఒకటి 24 డిగ్రీలు, మరొకటి 32 డిగ్రీల వద్ద పెంచి, ఒకే రోజున ఒకే మోతాదులో తెగులు కారకాన్ని సోకించి మచ్చల పొడవు కొలవాలి. నాలుగవ రోజున వేడి గదిలోని సగం మొక్కలను చల్లని గదికి మార్చి చూడాలి. పొగాకులో జరిగిన కుప్పకూలడం వంటిది ఇతర పంటలలో ఉన్నదీ లేనిదీ అక్కడే బయటపడుతుంది. నత్రజనిని కూడా రెండు మోతాదులలో పెట్టడం మరువరాదు, ఎందుకంటే ఎండాకు తెగులు విషయంలో యూరియా ఎక్కువైన మడిలో నిరోధక రకాన్ని, లొంగే రకాన్ని పోల్చడానికీ, సిఫారసు మోతాదు వేసిన మడిలో పోల్చడానికీ చాలా తేడా ఉంటుంది.